వాండాను క్షమించాలంటే ముందు ఆ తప్పు ఆమెదే అనాలి

మార్వెల్ కామిక్స్‌లో స్కార్లెట్ విచ్ అనే పేరున్న మంత్రశక్తుల హీరోయిన్ వాండా పుట్టుక కథను అన్నిసార్లు మార్చాక అందులో ఏది అసలుదని లెక్కపెట్టుకోవాలి, అంతమంది బతుకులు తలకిందులు చేసిన మనిషి మారిందంటే ఎట్లా నమ్మాలి అని కొందరు అడిగారు. నేను నమ్ముతాను. అయితే ఆమె తరఫున మామూలుగా వాదించేవాళ్లు చెప్పే కారణంతో కాదు. "పాపం వాండా చేతిలో ఏమీ లేదు, ఏదో శక్తి పట్టింది, వెనక నుంచి ఇంకెవడో ఆడించాడు" అనే మాట నాకు అస్సలు ఎక్కదు. ఆమెకు జరిగిన అన్యాయాల్లో ఆ మాట కూడా ఒకటని నా అభిప్రాయం.

ఈ గొడవ నాకు పాతదే. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హన్మకొండ నయీంనగర్‌లో కొంతమందిమి కలిసి రూమ్ తీసుకుని ఉండేవాళ్లం. మాలో మంచిర్యాల నుంచి వచ్చిన ఒకడు హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లోంచి ఇంగ్లిష్ కామిక్స్ ఏరుకొచ్చేవాడు. అట్లా వచ్చిందే హౌస్ ఆఫ్ ఎమ్ పుస్తకం. అట్ట ఊడిపోతే టేప్ వేసి ఉంచాడు. వాండా "ఇక మ్యూటెంట్లు వద్దు" అనే చోట పేజీ అంచు నల్లగా మాసిపోయింది, ఎందుకంటే రూమ్‌కు ఎవరొచ్చినా ముందు ఆ పేజీయే తీసి చూపించేవాళ్లం. 2005లో వచ్చిన ఆ కథలో ఆమె అన్న ఆ ఒక్క మాటతో లోకంలో ఉన్న మ్యూటెంట్లలో, అంటే పుట్టుకతోనే ఏదో ఒక శక్తి ఉన్న మనుషుల్లో, కొద్దిమందికి తప్ప అందరికీ శక్తులు పోతాయి. మావాడు అక్కడ ఆగి, "మరి ఆ టైమ్‌ల గాల్లో ఎగురుతున్నోడు ఏమైతడు" అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. "బాధ ఉంటే ఉండనీ బై, అంతమందిని ఆగం జేసే హక్కు ఆమెకెవరిచ్చిండ్రు" అన్నాడు. ఇంకొకడు, "పిల్లలు పోయిన తల్లిరా, ఆమెను ముందు ఎవరు ఆగం జేసిండ్రో అది చూడు" అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కేయూ క్రాస్‌రోడ్స్ దగ్గర చాయ్ బండి మూసేదాకా ఇదే పంచాయితీ.

ముందు పుట్టుక సంగతి చూద్దాం. 1964లో ఎక్స్-మెన్ అనే మ్యూటెంట్ హీరోల కామిక్ 4వ సంచికలో స్టాన్ లీ, జాక్ కర్బీ ఆమెను తెచ్చినప్పుడు తల్లిదండ్రుల ఊసే లేదు. ఊరిజనం మంత్రగత్తె అని మీద పడితే మాగ్నీటో అనే మ్యూటెంట్ విలన్ కాపాడాడు, ఆ రుణం కొద్దీ ఆమె, కవల సోదరుడు పియెట్రో అతని గుంపులో ఉన్నారు, అంతే. 1974లో విజర్, మిస్ అమెరికా అనే పాతకాలం హీరోల జంట పిల్లలన్నారు. 1979లో అది కాదని, వుండగోర్ కొండ మీద మాగ్డా అనే ఆవిడకు పుట్టారని, ఆవు రూపంలో ఉండే బోవా అనే మంత్రసాని నోటితో చెప్పించారు. పెంచింది జాంగో, మార్యా అనే యూరప్‌లో ఊరూరూ తిరిగే రోమా తెగ దంపతులు. 1982–83లో వచ్చిన నాలుగు సంచికల సిరీస్ చివర, ఆ మాగ్డా మాగ్నీటో భార్య కాబట్టి అతనే తండ్రి అని తేల్చారు. ఇది దాదాపు ముప్ఫై ఏళ్లు నిలబడింది. 2014లో యాక్సిస్ కథలో ఆమె తన రక్తసంబంధీకుల మీద వేసిన శాపం మాగ్నీటోను తాకకపోవడంతో అతను తండ్రి కాదన్నారు, తర్వాత ఏడాది అసలు మ్యూటెంట్లే కాదు, హై ఎవల్యూషనరీ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల ఫలితం అన్నారు. ఆ వెంటనే జేమ్స్ రాబిన్సన్ రాసిన సిరీస్‌లో కన్నతల్లి నటాల్యా మాక్సిమాఫ్ అని, ఆమె కూడా స్కార్లెట్ విచ్చేనని వచ్చింది.

ఎక్స్-మెన్, మాగ్నీటోల సినిమా హక్కులు అప్పుడు ఫాక్స్ అనే వేరే కంపెనీ చేతిలో ఉన్నాయి, 2015లో వాండా అవెంజర్స్ సినిమాలోకి వచ్చింది. అందుకే కథ కోసం కాదు, వ్యాపారం కోసం తండ్రిని మార్చారని చాలామంది ఫ్యాన్స్ గట్టిగా అంటారు. నాకూ ఆ అనుమానం బలంగానే ఉంది. ఆ సినిమాలో సొకోవియా అనే కల్పిత దేశం పిల్లగా చూపించి రోమా నేపథ్యాన్ని పూర్తిగా వదిలేశారు, నాకు తండ్రి మారినదాని కన్నా అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. ఊరూరూ తిరిగే జనం మీద ఊళ్లోవాళ్లకు ఉండే అనుమానం, ఏం జరిగినా ముందు వాళ్ల మీదకే కర్రలు తీసుకొని పోవడం, అదంతా 1964 నాటి ఆ మొదటి సన్నివేశానికి తర్వాత వచ్చి చేరిన బలం. దాన్ని తీసేస్తే ఆమె భయం ఎక్కడిదో అర్థం కాదు.

ఇక వీటిలో ఏది అసలుది? రుద్రమదేవి విషయంలో మనకు ఇట్లాంటి గొడవే ఉండేది. మార్కో పోలో ఆమెను చనిపోయిన రాజు భార్య అని రాసుకున్నాడు, దాన్ని పట్టుకుని చాలాకాలం వాదించినవాళ్లు ఉన్నారు, శాసనాలు చదివాక గణపతిదేవుడి కూతురేనని తేలింది. చరిత్రకు శాసనం ఉంది. కామిక్స్‌లో మాత్రం కొత్తగా వచ్చిన ప్రతి రచయిత చేతిలోనూ ఉలి ఉంటుంది. అందుకని నేను ఆమె ఎవరి బిడ్డ అన్నదాన్ని పక్కన పెట్టేస్తాను. ఎవరు ఎవరి కోసం ఏం చేశారన్నది మాత్రం చూస్తాను. రక్తం కాదని తేలాక కూడా 2021 కథలో ఆమె చనిపోతే మాగ్నీటో పడే బాధ తండ్రి బాధే. అది చాలు.

అసలు పేచీ తండ్రి దగ్గర లేదు, తప్పును ఎవరి ఖాతాలో వేయాలన్న దగ్గర ఉంది. 1989లో జాన్ బర్న్ రాసిన కథలో ఆమె కవల పిల్లలు థామస్, విలియమ్ నిజం పిల్లలు కారని, మెఫిస్టో అనే దయ్యం ఆత్మ ముక్కలని చెప్పి మాయం చేశారు. ఆమెకు మంత్రవిద్య నేర్పిన ఆగథా హార్క్‌నెస్ ఆమెకు పిల్లల జ్ఞాపకం కూడా లేకుండా చేసింది. మంచికే చేశానంది. ఒక తల్లికి చెప్పకుండా ఆమె పిల్లల్ని ఆమె తలలోంచి తీసేయడం మంచి ఎట్లా అవుతుంది? చుట్టూ ఉన్న హీరోలందరికీ తెలుసు, ఆమెకు ఒక్కదానికే తెలియదు. 2004లో బ్రయాన్ మైకేల్ బెండిస్ అక్కడి నుంచే అందుకున్నాడు. జ్ఞాపకం తిరిగొస్తుంది, ఆమె అవెంజర్స్ అనే తన హీరోల టీమ్ మీదే విరుచుకుపడుతుంది, హాకై, స్కాట్ లాంగ్, విజన్ పోతారు. మరుసటి ఏడాదే ఆ మూడు ముక్కల మాట. ఇక్కడిదాకా నాకు కథ బాగా అర్థమవుతుంది. ఆమెకు కారణం ఉంది, ఆ కారణం చాలా పెద్దది. కానీ కారణం ఉండటం వేరు, తప్పు తనది కాకపోవడం వేరు.

2010–12లో వచ్చిన చిల్డ్రన్స్ క్రూసేడ్ ఈ రెండింటినీ కలిపేసింది. అందులో డాక్టర్ డూమ్ అనే విలన్ తగులుతాడు, ఇదంతా నా పనే, ఆమె అమాయకురాలు అంటాడు. డూమ్ నిజం చెప్తున్నాడా లేదా అని ఇప్పటికీ ఫ్యాన్స్ కొట్టుకుంటారు. వాండాను ఇష్టపడేవాళ్లలో చాలామంది ఆ ఒక్క పేజీ పట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం కడుపులో తిప్పినట్టయింది, ఎందుకంటే ఇట్లాంటిది నేను మా ఇంట్లో చూశాను.

మాది పరకాల దగ్గర ఊరు. ఒక ఏడు మిర్చి పంటను మా చిన్నాయన ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోయాడు. ఉమ్మడి పంట, అందులో మా అక్క ఫీజు కూడా ఉంది. రాత్రి ఎప్పుడో ఇంటికొచ్చాడు. చొక్కా జేబులో అడ్తిదారు రాసిచ్చిన తక్‌పట్టీ మడత నలగకుండా ఉంది, డబ్బు లేదు. పేకాటలో పోయింది. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. "నా కొడుకు అసుంటోడు కాదు, ఎవలో ఏదో పెట్టిండ్రు" అని నిమ్మకాయలు, తాయెత్తులు మొదలుపెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా అదే మాట. విచిత్రం ఏంటంటే, ఆ మాట నడిచినన్ని రోజులు చిన్నాయనను ఎవరూ తిట్టలేదు, ఎవరూ దగ్గరకు తీయలేదు. మా నాయన తమ్ముడితో ముఖాముఖి మాట్లాడనే లేదు. దయ్యం చేసిన పనికి మనిషిని ఏమంటాం, ఏమని క్షమిస్తాం? చివరికి ఒకరోజు అన్నాల దగ్గర చిన్నాయనే చెయ్యి కడుక్కుని లేచి, "నాకెవ్వలు ఏం పెట్టలే అవ్వా. నేనే ఆడిన, నేనే పోగొట్టిన" అన్నాడు. మా నాయన అప్పుడు అరిచాడు చూడండి, వీధి వీధంతా వినపడింది. ఆ అరుపుతోనే అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోవడం మొదలైంది. చిన్నాయన ట్రాలీ ఆటో నడిపి, పంట పంటకు కొంత తెచ్చి నాయన చేతిలో పెట్టాడు.

కాబట్టి "డూమ్ చేయించాడు" అని ఎవరైనా అంటే నాకు నాయనమ్మ నిమ్మకాయలే గుర్తొస్తాయి. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ తప్పు తీసేస్తే దిద్దుకోవడానికి ఆమెకు ఏం మిగులుతుంది?

పైగా వాండాకు మారడం కొత్తేమీ కాదు. మాగ్నీటోను వదిలి, 1965లో అవెంజర్స్ 16వ సంచికలో కెప్టెన్ అమెరికా పక్కన నిలబడ్డప్పుడే, ఆమె విలన్ల గుంపు నుంచి తనంతట తాను బయటికొచ్చిన మనిషి. అప్పుడు ఏ దయ్యాన్నీ వంకగా చూపించలేదు. 2012లో అవెంజర్స్ వర్సెస్ ఎక్స్-మెన్ చివర హోప్ అనే మ్యూటెంట్ అమ్మాయి‌తో కలిసి మ్యూటెంట్ల శక్తులు మళ్లీ పుట్టేలా చేస్తుంది, అదీ మంచి సన్నివేశమే, కానీ చేసినంత తేలిగ్గా చెరిపేసినట్టు ఉంటుంది.

నన్ను గట్టిగా పట్టుకున్నది ఆ తర్వాతి భాగం. 2020 నాటికి మ్యూటెంట్లు క్రకోవా దీవిలో సొంత దేశం పెట్టుకుని, చచ్చినవాళ్లను బతికించే పద్ధతి కనిపెట్టారు. శక్తులు పోయినవాళ్లు వాటిని తిరిగి పొందాలంటే మాత్రం క్రూసిబుల్ అనే ద్వంద్వంలో పోరాడి చావాలి, చస్తేనే శక్తులతో మళ్లీ లేస్తారు. అందులో మనం చూసేది మెలొడీ గుత్రీ అనే అమ్మాయిని. ఆమె శక్తి ఏంటో తెలుసా? ఎగరడం. గాల్లో ఉన్నవాళ్ల గతి ఏంటని మావాడు రూమ్‌లో అడిగినదానికి అక్కడ జవాబు దొరికింది: ఎగిరే శక్తి పోయిన ఒక అమ్మాయి, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అందరి ముందూ అపోకలిప్స్ అనే పాతకాలపు మ్యూటెంట్ కత్తికి ఎదురు నిలబడి చచ్చిపోతోంది. వాండా అన్న మాటకు అయిన ఖర్చు అది. ఆమె వైపు వాదించేవాళ్లు ఆ సంచిక తప్పకుండా చదవాలి.

అదే ఏడాది వాండా జెనోషా అనే మ్యూటెంట్ల దేశంలో చనిపోయిన కోటీ అరవై లక్షల మంది మ్యూటెంట్లను లేపబోయింది. వాళ్లు శవాలుగానే లేచారు, పెద్ద విపత్తు. క్షమించమని అడగడానికి కూడా తొందరపడి, ఎవరినీ అడగకుండా చేసింది, అందుకే అది మళ్లీ ఇంకో తప్పయింది. ఆ తర్వాతే 2021లో లియా విలియమ్స్ రాసిన ట్రయల్ ఆఫ్ మాగ్నీటో వస్తుంది. ఈసారి మాగ్నీటోతో మాట్లాడుకుని, తన చావును కూడా లెక్కలో వేసుకుని, బతికించే జాబితాకు ఎక్కకుండా ఎప్పుడో పోయిన మ్యూటెంట్లు కూడా తిరిగి రావడానికి దారి తెరుస్తుంది. నేను చేయలేదు అనలేదు, నన్ను మెచ్చుకోండి అనలేదు. ఎవరికి నష్టం చేసిందో వాళ్లకే, వాళ్లకు పనికొచ్చేది ఇచ్చింది. 2023లో స్టీవ్ ఓర్లాండో మొదలుపెట్టిన సిరీస్‌లో ఆమె చిన్న ఊళ్లో దుకాణం పెట్టుకుంటుంది, ఇక ఏ దారీ లేనివాళ్లకు అందులో ఒక తలుపు తెరుచుకుంటుంది. నాకు ఈ వాండా చాలా ఇష్టం.

సినిమాల వాండా గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మా మేనకోడలికి తెలిసింది ఆ వాండాయే. 2021లో వచ్చిన వాండావిజన్ సిరీస్‌లో ఆమె వెస్ట్‌వ్యూ ఊరిని మొత్తం బందీ చేస్తుంది, చివర్లో వదిలేసి వెళ్లిపోతుంటే ఊళ్లోవాళ్లు చూసే చూపు సరిగ్గా ఉంది, కానీ పక్కన మోనికా అనే పాత్ర చేత ఆమె త్యాగం గురించి మాట్లాడించడం నాకు నచ్చలేదు. 2022లో డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమాను తెలుగులో హన్మకొండలోనే చూశాం. బయటికొచ్చాక మేనకోడలు, "మామా, ఆ పుస్తకం చదివినందుకే చెడ్డదైందా, లేకపోతే ముందే ఉందా" అని అడిగింది. డార్క్‌హోల్డ్ అనే ఆ చేతబడి పుస్తకం మీదకు నెట్టేయొచ్చు, సినిమా సగం అదే చేసింది. పుస్తకం తెరిచింది ఆమే కదా అన్నాను. తను కాసేపు ఆలోచించి, "అయితే మూసేసింది కూడా ఆమే" అంది.

మంచిర్యాల మావాడు ఇప్పటికీ ఆమెను క్షమించలేదు. పండక్కి కలిసినప్పుడు ఇదే మాట. క్షమించమని నేను వాణ్ని బలవంతపెట్టను, మెలొడీ గుత్రీ వైపు నిలబడి మాట్లాడేవాళ్లు కొందరు ఉండాల్సిందే. కొత్తగా చదివేవాళ్లయితే హౌస్ ఆఫ్ ఎమ్‌తో మొదలుపెట్టండి, తర్వాత చిల్డ్రన్స్ క్రూసేడ్, ఆపైన ఎక్స్-మెన్‌లో క్రూసిబుల్ ఉన్న సంచిక, అప్పుడు ట్రయల్ ఆఫ్ మాగ్నీటో. యాక్సిస్ వదిలేసినా నష్టం లేదు. పుట్టుక కథలన్నీ ముందే చదువుకుని కూర్చుంటే తల తిరుగుతుంది, అవి ఎప్పుడైనా చదువుకోవచ్చు.