అమెరికా వచ్చే అమ్మానాన్నలు దారిలో యూరప్ చూడాలంటే

"అమ్మానాన్నలు మా దగ్గరికి వస్తున్నారు. తిరిగి వెళ్లేటప్పుడు వాళ్లిద్దరే ఓ పది రోజులు యూరప్ చూసి వెళ్తామంటున్నారు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి పనికొచ్చే షెంజెన్ వీసా ఇక్కడికి వచ్చాక తీసుకోవచ్చా? ఈ వయసులో వాళ్లను ఒంటరిగా పంపొచ్చా?" అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్నలివి.

రెండోదానికి ముందు జవాబు చెప్తాను. నిక్షేపంగా పంపండి. ఈ వీసాకు గరిష్ఠ వయసంటూ ఏమీ లేదు. డెబ్బై దాటాక కూడా ఎవరి తోడూ లేకుండా హాయిగా తిరిగొచ్చినవాళ్లు నాకు తెలుసు. అయితే బుకింగులన్నీ కొడుకు ఫోన్లో ఉండి, ప్రయాణం మాత్రం తల్లిదండ్రులు చేస్తుంటే చిక్కులు తప్పవు. వాళ్ల ప్రయాణం వివరాలు వాళ్లకి తెలిసి ఉండాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక వీసా సంగతి. మామూలుగా ఎక్కడ నివాసం ఉంటే అక్కడే దరఖాస్తు చేయాలి. విజిటర్ వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడ ఎందుకు దరఖాస్తు చేస్తున్నారో సరైన కారణం చూపించాలి. అది కాన్సులేట్‌కి నచ్చకపోతే అంతే. కాబట్టి ఇండియాలో బయల్దేరక ముందే తీసుకోమనండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయం సాధారణంగా 15 రోజుల్లో వస్తుంది గానీ, 45 రోజుల దాకా పట్టినా అడగలేం. పాస్‌పోర్టు అన్నాళ్లూ కాన్సులేట్ దగ్గరే ఉంటుందనుకోండి. అదే సమయంలో అమెరికా వీసా స్టాంపింగ్ పెట్టుకుంటే ఇబ్బందే. ముందు అమెరికా వీసా వచ్చి, పాస్‌పోర్టు చేతికందాక దీని పని మొదలుపెట్టడం మేలు. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు. రిజెక్ట్ అయితే తిరిగి రాదు.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలి? ఎక్కువ రోజులు ఉండే దేశానికి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ స్లాట్లు త్వరగా దొరుకుతున్నాయని, వెళ్లని దేశం పేరు మీద హోటళ్లు బుక్ చేసి తర్వాత క్యాన్సిల్ చేసే సలహా ఎవరైనా ఇస్తారు. దయచేసి వినకండి. సరిహద్దులో ఆ కాగితాలు చూపించాల్సింది మీరు కాదు, మీ అమ్మానాన్నలు.

చాలామంది గమనించనిది ఎంట్రీల సంఖ్య, అంటే ఆ వీసా మీద ఎన్నిసార్లు లోపలికి వెళ్లొచ్చన్నది. అమెరికా వచ్చేటప్పుడు పారిస్‌లో మూడు రోజులు, వెళ్లేటప్పుడు రోమ్‌లో నాలుగు రోజులు అనుకుంటే అవి రెండు ఎంట్రీలు. పారిస్ నుంచి లండన్ వెళ్లి మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్ వచ్చినా రెండే, ఎందుకంటే బ్రిటన్ షెంజెన్‌లో లేదు. దానికి వీసా కూడా వేరు. ఐర్లండ్ కూడా అంతే. ఎన్ని ఎంట్రీలు కావాలో దరఖాస్తులోనే అడగాలి. వీసా చేతికొచ్చాక స్టిక్కర్‌ని ఓసారి నిదానంగా చదవండి. ఫ్రమ్, అన్‌టిల్ అని రెండు తేదీలుంటాయి, వాటి కింద డ్యూరేషన్ ఆఫ్ స్టే అని రోజుల లెక్క ఉంటుంది. తేదీల మధ్య నెల రోజులు కనిపించినా, కింద 12 రోజులని ఉంటే ఉండగలిగేది 12 రోజులే. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా అందులోకే వస్తాయి.

డబ్బుల విషయంలో కాన్సులేట్ చూసేది ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అని. నాన్నగారి పెన్షన్ నెలనెలా పడుతున్న పాస్‌బుక్కు, నిన్న కాక మొన్న ఎవరో వేసిన పెద్ద మొత్తం కంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. ఖర్చు మీదైతే దాచకండి. మీ ఉత్తరం, మీ బ్యాంక్ స్టేట్‌మెంట్, మీ బంధుత్వం రుజువు చేసే కాగితం జత చేయండి. టికెట్లు, హోటళ్లు, ఇన్సూరెన్స్, కవరింగ్ లెటర్ అన్నిట్లో ఒకే తేదీలు, ఒకే పేరు ఉండాలి. మనవాళ్ల ఇంటిపేర్లు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటాయి. టికెట్ మీద మాత్రం పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలన్నది వీసా నిబంధన. ఆ నిబంధన కోసమని చవకైన పాలసీ తీసుకుంటే పెద్దవాళ్లకు అక్కరకు రాకపోవచ్చు. బీపీ, షుగర్, పాత గుండె జబ్బుల వల్ల వచ్చే ఎమర్జెన్సీకి ఎంతవరకు ఇస్తారో చదివి, ఉన్న జబ్బులన్నీ చెప్పి తీసుకోండి. డబ్బు ఆదా చేయాలంటే ఇంకెక్కడైనా చేయండి, ఇక్కడ వద్దు.

రోజుకో ఊరు పెట్టకండి. పది రోజులకు రెండు ఊళ్లు చాలు. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకు లిఫ్టు లేదు, మెట్లే. మోకాళ్ల నొప్పులుంటే సిటీ బస్సులు ఎంతో సుఖం, ఊరూ కనిపిస్తుంది. యూరప్ విమానాశ్రయాల్లో వీల్‌చెయిర్ సాయం ఉచితం. 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కి చెప్పి ఉంచాలి. మందులు, ఇన్సులిన్ చేతి బ్యాగులోనే, షాపు ప్యాకింగుతో, జెనెరిక్ పేర్లున్న ప్రిస్క్రిప్షన్‌తో పెట్టించండి.

బయల్దేరే ముందు వారంలో ఓ సాయంత్రం వాళ్లతో వీడియో కాల్‌లో కూర్చోండి. ఎన్ని రోజులు ఉంటారు, మొదటి రాత్రి ఏ హోటల్, తిరుగు టికెట్ ఎప్పుడు, ఖర్చు ఎవరిది. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో అడిగేవి ఇవే. "మా అబ్బాయికి తెలుసు" అంటే అక్కడ కుదరదు. ముందు తెలుగులో చెప్పించండి, అమ్మ తడుముకోకుండా చెప్పగలిగాక ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలు చాలు. కాగితాలన్నీ ప్రింట్ తీసి, ఒక సెట్ నాన్న బ్యాగులో, ఇంకోటి అమ్మ బ్యాగులో పెట్టించండి. రెండింటి మీదా మీ నంబరు, హోటల్ అడ్రస్, యూరప్ అంతటా పనిచేసే ఎమర్జెన్సీ నంబరు 112 పెద్ద అక్షరాలతో రాయించండి.