ఫోమ్‌ను ఉతకొచ్చా?

ప్రశ్న: పాటలు రికార్డు చేసుకునే గదిలో గోడలకు అతికించిన అకౌస్టిక్ ఫోమ్ (శబ్దాన్ని పీల్చుకునే స్పాంజిలాంటి పలకలు) గాడుల్లో దుమ్ము పేరుకుంది. రెండుచోట్ల చేతి మరకలున్నాయి. ఊడదీసి ఉతకొచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. రికార్డింగ్ గదుల్లోనే నా ఉద్యోగం, ఉతికి పాడైన ఫోమ్ చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఊడదీస్తే జిగురుతో పాటు ఫోమ్ ముక్కలూ వచ్చేస్తాయి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే చిరిగిపోతుంది.

గోడ మీదుండగానే వాక్యూమ్ క్లీనర్‌కు మెత్తటి బ్రష్ తగిలించి, తక్కువ వేగంలో, గాడుల వెంబడి పైనుంచి కిందికి లాగండి. నొక్కకండి. మెత్తటి ఫోమ్‌లో శబ్దాన్ని పీల్చుకునేవి ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకున్న సన్నని రంధ్రాలే. అవి నలిగినా, దుమ్ముతో పూడినా పనితనం తగ్గుతుంది.

మరకలకు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల తేలికపాటి సబ్బు చాలు. గుడ్డ గట్టిగా పిండి అద్దండి, రుద్దొద్దు. బ్లీచ్, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. ఫ్యాన్ వేసి పూర్తిగా ఆరనివ్వండి, లోపల తడి నిలిస్తే బూజు పడుతుంది.

పసుపు రంగుకు తిరిగితే అది మురికి కాదు, ఎండ తగిలి పాలియురేథేన్ (ఫోమ్ తయారయ్యే ప్లాస్టిక్) పాతబడటం. కిటికీకి తెర వేయండి. ముట్టుకుంటే పొడిలా రాలుతుంటే మాత్రం మార్చాల్సిందే.