డ్రై వెయిట్ అంతే ఉన్నా ఆయాసం ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 59 ఏళ్లు. ఎనిమిది నెలలుగా వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. డ్రై వెయిట్ (అదనపు నీరంతా తీశాక ఉండాల్సిన బరువు) 62 కిలోలని మొదట్లోనే చెప్పారు. ప్రతిసారీ 66తో వెళ్లి 62తో బయటికొస్తారు. ఆఖరి గంటలో పిక్కలు పట్టేసి విలవిల్లాడుతున్నారు. ఇంటికొచ్చాక నొప్పి మాత్ర వేస్తున్నాం. రెండు నెలలుగా సరిగా తినడం లేదు, ప్యాంట్లు వదులయ్యాయి. బీపీ 170 దాటుతోంది. వారం నుంచి గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నారు. కాళ్ల వాపు లేదు. డ్రై వెయిట్‌ను 63కి పెంచమని అడగవచ్చా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: పిక్కల సంగతి తర్వాత చూద్దాం. వారం నుంచి కూర్చుని నిద్రపోతున్నారని మీరు చివర్లో మామూలుగా రాసేశారు. నన్ను కంగారు పెట్టింది అదే. డయాలసిస్ పేషెంటుకు పడుకుంటే ఆయాసం వస్తోందంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందేమోనని ముందు అనుమానించాలి. గుండె సమస్య కూడా కావచ్చు. చూడకుండా నేను తేల్చి చెప్పలేను. ఇది చదివే సమయానికి ఇంకా అలాగే ఉంటే ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

‘ఎల్లుండి ఎలాగూ డయాలసిస్ ఉంది కదా’ అని చాలామంది ఆగుతారు. అర్ధరాత్రి ఊపిరాడక, చెమటలు పట్టి, ఆక్సిజన్ పెట్టుకుని ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో ఇలా ఆగినవాళ్లే ఎక్కువ. రెండు రోజుల ముందు ఫోన్ చేసి అడిగి ఉంటే ఒక అదనపు సెషన్‌తో సరిపోయేది. ఆయాసం వచ్చినప్పుడు మీ టర్న్ ఎప్పుడని చూడకండి. డయాలసిస్ యూనిట్ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి.

ఇక డ్రై వెయిట్. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువు అదని మీకు తెలిసే ఉంటుంది. కానీ ఆ 62 ఎనిమిది నెలల కిందటి అంకె. తూకం మిషన్‌కు కండేదో నీరేదో తెలియదు. తిండి తగ్గి ఆయన ఒంట్లో రెండు కిలోల కండ కరిగిపోయి, ఆ స్థానంలో రెండు లీటర్ల నీరు చేరినా మిషన్ 62 అనే చూపిస్తుంది. ప్యాంట్లు వదులు కావడం, బీపీ పెరగడం, పడుకోలేకపోవడం కలిపి చూస్తే ఆయన అసలు డ్రై వెయిట్ ఇప్పుడు 60 దగ్గరే ఉండొచ్చని నా అనుమానం. అలాంటప్పుడు 63కి పెంచడం ప్రమాదం. కాళ్ల వాపు లేదని ధీమా వద్దు. రెండు మూడు లీటర్లు ఎక్కువున్నా పాదాలు మామూలుగానే కనిపించవచ్చు.

దీన్ని మీ నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) తేల్చాలి. మెడ నరాలు, ఊపిరితిత్తుల శబ్దం, బీపీ చూస్తారు. అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే, ఎకో (గుండె స్కాన్), అల్ట్రాసౌండ్ చేయిస్తారు. తగ్గించాల్సి వస్తే ఒక్కసారిగా కాకుండా సెషన్‌కు అరకిలో లోపే తగ్గిస్తూ గమనిస్తారు. నీరు తగ్గినా బీపీ దిగడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోగా బీపీ మాత్రలు మీరే పెంచడం, మానేయడం చేయకండి. ఆకలి ఎందుకు తగ్గిందో కూడా అడగండి.

పిక్కలు పట్టేస్తే డ్రై వెయిట్ కన్నా కిందికి వెళ్లిపోయామని అనుకుంటారు. కొన్నిసార్లు నిజమే. మీ నాన్నగారి విషయంలో నీరు తీసే వేగం ఎక్కువనిపిస్తోంది. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటకుండా చూస్తాం. అంటే 62 కిలోల మనిషికి నాలుగు గంటల్లో దాదాపు 3.2 లీటర్లు. ఆయనకు 4 లీటర్లు లాగుతున్నారు. సమయం పెంచడమో, వారానికి మూడోసారి చేయించడమో డాక్టర్‌తో మాట్లాడండి. ఇంట్లో మీ చేతిలో ఉన్నది ఉప్పు. ఆవకాయ, అప్పడాలు, ఉప్పుచేప, మిక్చర్ తిని నీళ్లు తాగొద్దంటే ఏ మనిషి వల్లా కాదు. ఉప్పుకు బదులు అమ్మే లో సోడియం ఉప్పు మాత్రం కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది, గుండెకు ముప్పు.

నొప్పి మాత్ర పేరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటిదైతే ఆపి డాక్టర్‌కు చూపించండి. మిగిలి ఉన్న కాస్త మూత్రమూ వీటివల్ల తగ్గిపోవచ్చు, బీపీ పెరగొచ్చు. రోజుకు ఎంత మూత్రం వస్తోందో ఒకరోజు కొలిచి రాసుకుని వెళ్లండి, డాక్టర్ తప్పకుండా అడుగుతారు.