శ్రీనుకి: మట్టిదారి ఎక్కేముందు

చిరంజీవి శ్రీనుకి, బాబాయి ఆశీస్సులు.

నీ రివోల్ట్ ఆర్‌వీ400 ఎలక్ట్రిక్ బైకు వేసుకుని పాడేరు వైపు మట్టిదారుల్లో తిరగాలనుందని, బండిలో ఏమేం మార్చాలో చెప్పమని అడిగావు. బండి 108 కిలోలే, పడిపోయినా ఒక్కడివే లేపుకోగలవు. అది పెద్ద లాభం. కానీ అది ఊళ్లో తిరగడానికి చేసిన బండి. మట్టిలో నడిచేలా చేసుకోవచ్చు గానీ డర్ట్ బైకు చేయలేం. కంట్రోలర్ (మోటారుకి ఎంత కరెంటు పోవాలో చూసే పెట్టె) మార్చి పవర్ పెంచుతామనేవాళ్ల మాట వినకు. వారంటీ పోతుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒప్పుకోదు.

డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే టైర్ల మీద పెట్టు. చక్రాలు 17 అంగుళాలవి కాబట్టి గళ్ల టైర్లు వెతికితే దొరుకుతాయి. మరీ వెడల్పువి వేయకు, బెల్టుకి రాసుకుంటాయి. మట్టిలోకి దిగాక గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించు, అంతకు మించి వద్దు. రాయి తగిలి అల్లాయ్ అంచు వంగితే గాలి నిలవదు.

నీ బండికి చైను లేదు, బెల్టు ఉంది. తారు మీద అది హాయి. మట్టిలో చింతగింజంత రాయి బెల్టుకీ పుల్లీకీ మధ్య ఇరుక్కుంటే చాలు, బెల్టు చిల్లు పడుతుంది, పళ్లు లేచిపోతాయి. అందుకే కింది వైపు మూసేలా ఒక గార్డు, మోటారు కింద 4 మి.మీ. అల్యూమినియం రేకు కట్టించు. రేకు మోటారుకి ఆనకూడదు, మధ్యలో గాలి ఆడాలి. ఫ్రేముకి బెజ్జాలు వద్దు, క్లాంపులతో బిగించు. వెల్డింగ్ తప్పనిసరైతే ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టి, కంట్రోలర్ కనెక్టర్లు కూడా ఊడదీయించు.

ఎక్కుడులో తొందరపడకు. పెట్రోలు బండికి ఫస్ట్ గేరు ఉంది, దీనికి గేర్లే లేవు. నిదానంగా, బరువుగా ఎక్కేటప్పుడు మోటారు కరెంటు బాగా లాగుతుంది. కరెంటు రెట్టింపైతే వైండింగులో, అంటే మోటారు లోపలి తీగచుట్టలో, వేడి నాలుగింతలు. బాగా కాగితే పవర్ దానంతటదే తగ్గుతుంది. కంగారుపడకు, నీడ చూసి ఆపి చల్లారనివ్వు. కాగిన మోటారుని అలాగే గెడ్డలోకి (వాగులోకి) దించకు. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుదించుకుంటే సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి లాగేస్తుంది. మడమ మించి నీళ్లున్న చోట ముందు నడిచి లోతు చూసుకో.

నాకు అసలు భయం దిగుడు గురించే. థ్రాటిల్ వదిలితే పెట్రోలు బండిని ఇంజను పట్టి ఆపినట్టు ఎలక్ట్రిక్ బండి గట్టిగా ఆపదు. రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపే ఏర్పాటు) ఉన్నా, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కరెంటు తీసుకోదు గనక అది కూడా పనిచేయదు. కొండ మీద రాత్రి ఉండి పొద్దున్నే దిగేటప్పుడు వంద శాతం చార్జింగ్ పెట్టకు, ఎనభై చాలు. ఇంకోటి, నీ బండికి చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ కాదు, రెండు బ్రేకుల్నీ కలిపే సీబీఎస్ ఉంది. వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. ఎర్రమట్టి తడిసి జారేచోట, అదీ మలుపులో, ముందు చక్రం పట్టేస్తే హ్యాండిల్ చేతిలో ఉండదు. మలుపుకి ముందే, బండి నిటారుగా ఉండగానే వేగం చంపెయ్. మన లేఅవుట్ వెనక కంకర దిబ్బ మీద ఎకో మోడ్‌లో పదేపదే దిగి, ఎంత తొక్కితే ఎంత పడుతోందో కాలికి తెలియనివ్వు. అది అలవాటయ్యేదాకా ఘాట్ వైపు పోవద్దు.

బండి పడితే ముందు మోటారుని ఆపే కిల్ స్విచ్ నొక్కు, తర్వాతే చెయ్యి వెయ్యి. ఇంజను చప్పుడు ఉండదు కాబట్టి ఆన్‌లో ఉన్నట్టు తెలియకపోవచ్చు. లేపుతూ పొరపాటున థ్రాటిల్ తిప్పితే బండి ముందుకి దూకుతుంది. సంతకి నడిచెళ్లేవాళ్లకీ, మేకలకీ కూడా నీ రాక సరిగా వినిపించకపోవచ్చు. ప్రతి మలుపులో హారన్ కొట్టు నాన్నా, పిల్లలు రోడ్డు మీదే ఆడుకుంటారు అక్కడ.

బ్యాటరీ 3.24 యూనిట్లది. కంపెనీ చెప్పే కిలోమీటర్లు తారు మీద లెక్క, బురదలో అవి రావు. చార్జింగ్ అరవై శాతం మిగిలుండగానే వెనక్కి తిరుగు. బ్యాటరీ ఊడదీసి ఎవరింట్లోనైనా చార్జింగ్ పెట్టుకోవచ్చు గానీ, ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో చూసుకున్నాకే.

బండిని స్టాండ్ వేసి కింది నుంచి ఫొటోలు తీసి పంపు, బెల్టు మీద ఉన్న నంబరు కూడా కనపడాలి. రేకు ఇక్కడ కోయించి ఉంచుతాను.

ఇట్లు,
మీ బాబాయి