నీ కెమారోలో ఏ కామ్ ఉందో తేల్చుకునే దారి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. 1969 షెవర్లే కెమారో కారు, 350 ఘనపు అంగుళాల ఇంజన్. విప్పి కట్టిన మెకానిక్ ఎవరో తెలియదు, అమ్మినవారి దగ్గర కాగితాలు లేవు. ఐడిల్‌లో ఇంజన్ ఊగుతోంది కాబట్టి పెద్ద కామ్‌షాఫ్టే (కామ్ అంటే వాల్వులను తెరిచి మూసే కడ్డీ, పెద్దదంటే వాటిని ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరిచేది) వేసి ఉంటారని రాశావు. ఆ చప్పుడును నమ్మి కొత్త కార్బురేటర్ కొనకు. ఇగ్నిషన్ టైమింగ్ తప్పినా, ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర గాలి లీకైనా మామూలు కామ్ ఉన్న ఇంజన్ కూడా అలాగే తడబడుతుంది. వాక్యూమ్ గేజ్ పెట్టినా అంతే. తక్కువ అంకె పెద్ద కామ్ వల్లా రావచ్చు, లీకు వల్లా రావచ్చు.

నెంబరు చూసి తేల్చుకుందామని నీకు అనిపిస్తుంది. కామ్ తయారీదార్లు చాలామంది షాఫ్ట్ చివర నెంబరు కొడతారు. కానీ అది చూడాలంటే ఇంజన్ ముందున్న టైమింగ్ కవర్, కామ్‌ను తిప్పే స్ప్రాకెట్ విప్పాలి. కామ్ మీది లోబ్‌ల (వాల్వులను లేపే గుబ్బల) మధ్య పోతపోసిన నెంబరు కనిపిస్తే దాన్ని పట్టించుకోకు. అది ముడి పోతకు సంబంధించినది, ఒకే పోత నుంచి ఎన్నో రకాల కామ్‌లు చెక్కుతారు. పాత కామ్‌ను మళ్లీ గ్రైండ్ చేయించి ఉంటే చివరనున్న నెంబరు కూడా అబద్ధమే చెబుతుంది. కవర్ విప్పే పని వేరే కారణంతో పడితే చూడు, దీనికోసమే విప్పవద్దు.

కొలిస్తే తెలుస్తుంది. అంగుళం ప్రయాణం ఉన్న డయల్ గేజ్, అయస్కాంత స్టాండు, డిగ్రీ వీల్ (క్రాంక్‌కు బిగించే, డిగ్రీలు గుర్తించిన చక్రం), పిస్టన్ స్టాప్ (ప్లగ్గు రంధ్రంలో బిగించి పిస్టన్‌ను ఆపేది) ఉంటే చాలు. బ్యాటరీ తీగ తీసెయ్, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసెయ్. ఇంజన్‌ను చేత్తోనే తిప్పాలి. పిస్టన్ స్టాప్ పెట్టి స్టార్టర్ కొడితే పిస్టన్ పగులుతుంది.

ముందు ఒకటో సిలిండర్ టీడీసీ (పిస్టన్ అన్నిటికన్నా పైన ఉండే చోటు) పట్టుకో. క్రాంక్ ముందున్న బ్యాలెన్సర్ మీది గీతను నమ్మకు, ఇన్నేళ్ల బండిలో బయటి రింగు జారి ఉండవచ్చు. పిస్టన్ స్టాప్‌ను తాకేదాకా ఒకవైపు తిప్పి అంకె రాసుకో, తర్వాత రెండోవైపు తిప్పి రాసుకో. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలోది టీడీసీ. ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పినా వాల్వు లేచే, దిగే డిగ్రీలన్నీ అంతే తప్పుతాయి కాబట్టి రెండుసార్లు చూడు. అది తేలాక స్టాప్ తీసేయడం మరిచిపోకు.

లోబ్ లిఫ్టర్‌ను లేపుతుంది, అది పుష్‌రాడ్ అనే కడ్డీని, ఆ కడ్డీ రాకర్ అనే మీటను తోస్తే వాల్వు తెరుచుకుంటుంది. ఇప్పుడు ఆ సిలిండర్ రాకర్లు తప్పించి, ఇన్‌టేక్ పుష్‌రాడ్ కొసమీద డయల్ గేజ్ ఆనించు. గేజ్ పుష్‌రాడ్‌కు వాలుగా కాకుండా దాని వరుసలోనే నిలవాలి. రాకర్ ఉండగా కొలిస్తే వాల్వు స్ప్రింగ్ బరువుకు హైడ్రాలిక్ (లోపల నూనె నిండే) లిఫ్టర్ లోపలికి దిగి కొలత తగ్గిపోతుంది. లిఫ్టర్ అట్టడుగున ఉన్నప్పుడు గేజ్ సున్నా చేసి, ఇంజన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పు. 0.050 అంగుళం లేచినచోట డిగ్రీ రాసుకో, గరిష్ఠ ఎత్తు రాసుకో, దిగేటప్పుడు మళ్లీ 0.050 దగ్గర రాసుకో. దాటిపోతే పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రా, లేకపోతే కామ్‌ను తిప్పే చైన్ వదులు కొలతలో కలుస్తుంది. ఎగ్జాస్ట్‌కూ ఇదే.

లెక్క ఇలా చూడు. ఇన్‌టేక్ టీడీసీకి 6 డిగ్రీల ముందు లేచి, బీడీసీ (పిస్టన్ అట్టడుగున ఉండే చోటు) తర్వాత 38 దగ్గర దిగిందనుకో. 6, 180, 38 కలిపితే 224 డిగ్రీల డ్యురేషన్, అంటే వాల్వు తెరిచి ఉండే వ్యవధి. సెంటర్‌లైన్, అంటే ఆ వ్యవధి నడిమి, టీడీసీ తర్వాత 106 (224లో సగం 112 లోంచి 6 తీసేస్తే). ఎగ్జాస్ట్ సెంటర్‌లైన్ టీడీసీకి ముందు 114 వస్తే రెండింటి సగటు 110, అదే లోబ్ సెపరేషన్, అంటే రెండు లోబ్‌ల మధ్య కోణం. గేజ్ చూపిన ఎత్తు 0.318 అయితే, ఎత్తును ఒకటిన్నర రెట్లు చేసే ఫ్యాక్టరీ 1.5 రాకర్‌తో వాల్వు 0.477 అంగుళం లేస్తుంది. ఎగ్జాస్ట్ 230 డిగ్రీలు, 0.480 లిఫ్ట్ కూడా కలిస్తే కాంప్ కామ్స్ కంపెనీ వారి ఎక్స్‌ఈ268హెచ్ కామ్ అంకెలు ఇవే. ఫ్యాక్టరీ 929 కామ్ అయితే ఇన్‌టేక్ 195 డిగ్రీలే, వాల్వు లిఫ్ట్ 0.390. కేటలాగుతో పోల్చేటప్పుడు 0.050 దగ్గరి డ్యురేషన్‌నే చూడు. ప్రకటనల్లో పెద్దగా వేసే డ్యురేషన్‌ను ఒక్కో కంపెనీ ఒక్కో ఎత్తు దగ్గర కొలుస్తుంది.

రాకర్లు కూడా చూడు. 1.6 వేసి ఉంటే అదే కామ్‌తో వాల్వు 0.509 దాకా లేస్తుంది.

లిఫ్టర్లు సాలిడ్‌వా (లోపలికి దిగని గట్టి ముక్కలు), హైడ్రాలిక్‌వా అన్నది తప్పక తేల్చుకో. పుష్‌రాడ్‌ను నొక్కితే స్ప్రింగులా దిగేది హైడ్రాలిక్. సాలిడ్‌కు రాకర్ దగ్గర సందు ఉండాలి. షెవర్లే వారి ప్రసిద్ధమైన ‘30-30’ కామ్‌కు ఆ పేరు వచ్చింది 0.030 అంగుళం సందు వల్లే.

డిగ్రీలు ఒక సిలిండర్‌కు చాలు గానీ, ఎత్తు మాత్రం పదహారు లోబ్‌లకూ కొలువు. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువ చూపితే ఆ లోబ్ అరిగిపోతోంది, ఇక బండి నడపకు. లిఫ్టర్లను బయటికి తీయాల్సి వస్తే ఏది ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టి అక్కడే వెయ్యి. ఫ్లాట్ టాపెట్ (అడుగున రోలర్ లేని లిఫ్టర్లున్న) కామ్‌లో ప్రతి లిఫ్టరూ తన లోబ్‌తో కలిసి అరుగుతుంది, తారుమారు చేస్తే రెండూ పాడవుతాయి.

కొలతలన్నీ రాసి నాకు పంపు, వాల్వు స్ప్రింగుల ఫోటోలతో సహా. అవి ఆ లిఫ్ట్‌ను తట్టుకుంటాయో లేదో తేలేదాకా ఇంజన్‌ను ఎక్కువ వేగానికి తిప్పకు.

మీ బాబాయి