టెక్ సందేహాలు: అప్‌డేట్ అయ్యింది, యాడ్-ఆన్ ఆగింది

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. రాత్రి దాకా బాగా పనిచేసిన బ్రౌజర్‌ను పొద్దున తెరిస్తే ఏదో ఒక యాడ్-ఆన్ (బ్రౌజర్‌కు అదనపు సదుపాయాలు చేర్చే చిన్న ప్రోగ్రామ్) ఆగిపోయి ఉంటోంది. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. మీ యాడ్-ఆన్ ఇవాళే ఆగిపోయి, ఆ టెన్షన్‌తో ఇది చదువుతుంటే ముందు ఒక్క మాట: దాన్ని తీసేసి మళ్ళీ వేయకండి. ఎందుకో మొదటి జవాబులో చెప్తాను.

ప్రశ్న: నేను అనువాదాలు చేస్తాను. పనికోసం తెరిచిన పేజీలన్నీ ఒక యాడ్-ఆన్‌లో గుంపులుగా దాచుకుంటాను, నోట్స్ కూడా అందులోనే. ఫైర్‌ఫాక్స్ అప్‌డేట్ అయ్యాక అది ఆగిపోవడం ఇది మూడోసారి. ప్రతిసారీ రెండు రోజుల పని పోతోంది. నెలకో కొత్త వెర్షన్ ఎవరు అడిగారు? అప్‌డేట్లు పూర్తిగా ఆపేస్తే తప్పేంటి?

మీ కోపం న్యాయమైనదే. ఏ మార్పూ మీరు చేయలేదు, నష్టం మాత్రం మీకు వచ్చింది. "అంతా మీ భద్రత కోసమే" అన్న ఒక్క మాటతో దీన్ని కొట్టిపారేయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ముందు మీ నోట్స్ సంగతి. యాడ్-ఆన్ 'డిసేబుల్' కావడం వేరు, మనం దాన్ని 'రిమూవ్' చేయడం వేరు. డిసేబుల్ అయినప్పుడు అది నిద్రపోతుందంతే. మీరు దాచిన పేజీలు, నోట్స్, సెట్టింగులు మీ ప్రొఫైల్‌లో, అంటే బ్రౌజర్ మీ సమాచారమంతా దాచుకునే ఫోల్డర్‌లో, అలాగే ఉంటాయి. రిమూవ్ నొక్కితే మాత్రం యాడ్-ఆన్‌తో పాటు అది దాచిన సమాచారాన్ని కూడా బ్రౌజర్ చెరిపేస్తుంది. తర్వాత అదే యాడ్-ఆన్ మళ్ళీ వేసుకున్నా లోపల ఖాళీయే.

2019 మే మొదటి వారంలో సరిగ్గా ఇదే జరిగింది. యాడ్-ఆన్ నమ్మదగినదేనని రుజువుగా, ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా దానికి డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ సంతకానికి ఆధారమైన ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. దాంతో ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్‌లో యాడ్-ఆన్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఎవరి కంప్యూటర్‌లోనూ తప్పు లేదు. యాడ్-ఆన్లను తీసేసి మళ్ళీ వేయవద్దని, అలా చేస్తే వాటిలోని సమాచారం పోతుందని మొజిల్లా చెప్పింది. 66.0.4 వెర్షన్‌తో దిద్దుబాటు రావడానికి రెండు రోజులైనా పట్టలేదు. ఓపిక పట్టినవాళ్ళ సమాచారం చాలావరకు నిలిచింది, ఈలోపే కంగారుపడి తీసేసినవాళ్ళది పోయింది.

ఇది నాకూ తెలిసిన నొప్పే. కొన్నేళ్ల కిందట నేను వాడే ఒక బ్రౌజర్ అప్‌డేట్ అయ్యాక నోట్స్ యాడ్-ఆన్ తెరుచుకోలేదు. తీసేసి మళ్ళీ వేస్తే సర్దుకుంటుందనుకున్నాను. పదకొండు నెలలుగా రాసుకున్నదంతా ఒక్క క్లిక్‌తో పోయింది. ఒక్క ముక్క కూడా తిరిగి రాలేదు. అప్పటి నుంచి నేను ఏ యాడ్-ఆన్ వేసుకున్నా, దాని సెట్టింగుల్లో 'ఎక్స్‌పోర్ట్' కానీ 'బ్యాకప్' కానీ ఉందా అని ముందు చూస్తాను. లేకపోతే అది ఎంత బాగున్నా నా రాతలు అందులో పెట్టను. మీ యాడ్-ఆన్ మళ్ళీ లేచిన రోజే మీరు చేయాల్సిన మొదటి పని అది: అన్నీ ఒక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి వేరే చోట దాచండి. వారానికోసారి చేసినా చాలు. బ్రౌజర్‌లో సింక్ పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉండకండి. సింక్ మీ యాడ్-ఆన్ల జాబితాను మీ ఇతర కంప్యూటర్లకు మోసుకెళ్తుంది. వాటి లోపలి సమాచారం మాత్రం, ఆ యాడ్-ఆన్ రాసినవారు ప్రత్యేకంగా ఏర్పాటు చేసి ఉంటే తప్ప, వెంట రాదు.

ఇక నెలకో వెర్షన్ సంగతి. ఫైర్‌ఫాక్స్ 3.6 వచ్చింది 2010 జనవరిలో, 4 వచ్చింది 2011 మార్చిలో. మధ్యలో ఏడాదికి పైగా వ్యవధి. క్రోమ్ అప్పటికే ఆరు వారాలకో వెర్షన్ ఇస్తోంది. మొజిల్లా కూడా అదే దారి పట్టింది. 2011 జూన్‌లో 5, ఆగస్టులో 6, సెప్టెంబరులో 7, నవంబరులో 8, డిసెంబరులో 9 వచ్చేశాయి. అప్పట్లో ప్రతి యాడ్-ఆన్‌లోనూ "నేను ఫలానా వెర్షన్ వరకు పనిచేస్తాను" అని ఒక అంకె రాసి ఉండేది. ఆ అంకె దాటగానే, యాడ్-ఆన్‌లో ఏ లోపమూ లేకపోయినా బ్రౌజర్ దాన్ని ఆపేసేది. తీరిక వేళల్లో ఒక్కరే కూర్చుని రాసిన యాడ్-ఆన్‌కు ఆరు వారాలకోసారి అంకె మార్చడం ఎలా సాధ్యం? వాడేవాళ్ళ కోపమంతా ఆ రచయితల మీద పడింది. ఆ తప్పు వాళ్ళది కాదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. 2012 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 10 ఈ పద్ధతిని తిరగేసింది. అప్పటి నుంచి చాలా యాడ్-ఆన్లను పనిచేస్తాయనే లెక్కన ఉంచుతోంది.

అసలు పెద్ద దెబ్బ 2017 నవంబరు 14న వచ్చిన 57వ వెర్షన్. పాత పద్ధతి యాడ్-ఆన్లు బ్రౌజర్‌లో ఏ భాగాన్నైనా నేరుగా తాకగలిగేవి. ఇంట్లో ప్లగ్ పాయింట్ వాడకుండా గోడ తవ్వి లోపలి వైర్లకే కలుపుకున్నట్టు అనుకోండి. ఏం కావాలంటే అది చేసుకోవచ్చు. కానీ ఇంటివాళ్ళు ఒక్క వైరు మార్చినా మీ దీపం ఆరిపోతుంది. 57 నుంచి గోడ తవ్వడం కుదరదు, ఇచ్చిన ప్లగ్ పాయింట్లే వాడాలి. ఇలా రాసిన యాడ్-ఆన్లనే వెబ్ ఎక్స్‌టెన్షన్స్ అంటారు. ఆ రోజు ఎన్నో మంచి యాడ్-ఆన్లు చచ్చిపోయాయి, కొన్నింటికి ఇప్పటికీ సాటి రాలేదు. బదులుగా మిగిలినవి మునుపటిలా ప్రతి వెర్షన్‌కూ విరగడం తగ్గింది.

అప్‌డేట్లు పూర్తిగా ఆపడం మాత్రం వద్దు. ఒక భద్రతా రంధ్రం పూడ్చిన వెర్షన్ బయటికి రాగానే, ఆ రంధ్రం ఎక్కడుందో వెతికి పట్టుకోవడం దొంగలకు సులువవుతుంది. పాత వెర్షన్‌తో ఉండిపోయినవాళ్ళ తలుపు తెరిచి ఉన్నట్టే. పైగా, ఆపితే యాడ్-ఆన్లయినా భద్రంగా ఉంటాయా అంటే అదీ లేదు. 2025 మార్చి 14న, పైన చెప్పిన సంతకాల కోసం మొజిల్లా వాడే ఒక మూల సర్టిఫికెట్ గడువు తీరింది. 128 కంటే పాత వెర్షన్లలో ఉండిపోయినవాళ్ళకు యాడ్-ఆన్లు ఆగిపోవచ్చని ముందుగానే హెచ్చరించారు. యాడ్-ఆన్లు చెడకూడదని అప్‌డేట్లు ఆపుకున్నవాళ్ళే అక్కడ ఎక్కువగా ఇబ్బంది పడేది.

మీలాంటి వారికి సరిపోయేది ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ (ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ రిలీజ్). సంస్థల కోసం 10వ వెర్షన్‌తో మొదలైన శాఖ ఇది, ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. భద్రతా సవరణలు క్రమం తప్పకుండా వస్తాయి. పెద్ద మార్పులు మాత్రం సుమారు ఏడాదికోసారే. కొత్త ఈఎస్ఆర్ వచ్చాక కూడా పాతది ఇంకో రెండు మూడు నెలలు నడుస్తుంది కాబట్టి, ఆ వ్యవధిలో మీ యాడ్-ఆన్ పనిచేస్తుందో లేదో తీరిగ్గా చూసుకోవచ్చు. మామూలు ఫైర్‌ఫాక్స్‌లోనే ఉంటానంటే, సెట్టింగుల్లో అప్‌డేట్లు వాటంతట అవే పడకుండా, వచ్చాయని చెప్పి మిమ్మల్ని అడిగేలా పెట్టుకోండి. పని ఇచ్చేసిన రోజు సాయంత్రం అప్‌డేట్ చేయండి. గడువు రేపనగా చేయకండి.

ప్రశ్న: అప్‌డేట్ నచ్చక ఫైర్‌ఫాక్స్ పాత వెర్షన్ వేశాను. తెరిస్తే, ఈ ప్రొఫైల్‌ను ఇంతకన్నా కొత్త వెర్షన్‌తో వాడారు, కొత్త ప్రొఫైల్ తయారు చేసుకోండి అంటోంది. నా బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోయినట్టేనా?

పోలేదు. ఆ కిటికీలో 'క్విట్' నొక్కి బయటికి వచ్చేయండి. మళ్ళీ కొత్త వెర్షన్ వేస్తే అన్నీ ఎప్పటిలా కనిపిస్తాయి. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఈ కాపలా ఉంది. కొత్త వెర్షన్ మీ సమాచారాన్ని కొత్త పద్ధతిలో రాసుకుంటుంది. పాత వెర్షన్‌కు ఆ రాత అర్థం కాక పాడుచేసే ప్రమాదం ఉంది, అందుకే తెరవనివ్వదు. ఈ కాపలాను దాటేసే ఉపాయాలు మీకు ఎవరైనా చెప్పినా ప్రయత్నించకండి.

పై జవాబు చదివి ఈఎస్ఆర్‌కు మారేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఈఎస్ఆర్ అంకె మీ ఇప్పటి వెర్షన్ కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి అదే ప్రొఫైల్ కుదరదు. ఈఎస్ఆర్‌కు వేరే ప్రొఫైల్ ఉండనివ్వండి. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు సింక్ ద్వారా తెచ్చుకోండి. యాడ్-ఆన్లలోని సమాచారాన్ని మీరు ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైళ్ళ నుంచి ఎక్కించుకోండి.

ఏ పెద్ద మార్పుకైనా ముందు ప్రొఫైల్ ఫోల్డర్‌ను కాపీ చేసుకుంటే అన్నిటికంటే మంచిది. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ సమాచారం పేజీ తెరిస్తే ఆ ఫోల్డర్ ఎక్కడుందో కనిపిస్తుంది. బ్రౌజర్ పూర్తిగా మూసేశాకే కాపీ చేయండి, తెరిచి ఉండగా చేస్తే కాపీ సగం సగంగా రావచ్చు. మీ పాస్‌వర్డులు కూడా అందులోనే ఉంటాయి, ఆ కాపీని జాగ్రత్తగా దాచండి.

ప్రశ్న: క్రోమ్‌లో ఏళ్లుగా వాడుతున్న ప్రకటనల నిరోధకం యూబ్లాక్ ఆరిజిన్ ఆగిపోయింది. ఇక మద్దతు లేదు అంటోంది. దాని రచయిత వదిలేశాడా?

లేదు, అది ఇప్పటికీ జీవించే ఉంది. మారింది క్రోమ్ నియమం. ఎక్స్‌టెన్షన్లు (క్రోమ్‌లో యాడ్-ఆన్లకు ఇదే పేరు) ఎలా రాయాలో చెప్పే కట్టడిని మేనిఫెస్ట్ అంటారు. రెండో మేనిఫెస్ట్ తీసేసి మూడోది తెచ్చారు. 2024 జూన్‌లో పరీక్షా వెర్షన్లలో మొదలుపెట్టి 2025లో అందరికీ అమలు చేశారు.

రెండో పద్ధతిలో, పేజీ ఏ చిరునామాకు సమాచారం అడిగినా ఎక్స్‌టెన్షన్ ఆ అడగడాన్ని మధ్యలో ఆపి చూసి, అప్పటికప్పుడు నిర్ణయం తీసుకునేది. మూడో పద్ధతిలో ఫలానావి ఆపు అని నియమాల జాబితాను ముందే బ్రౌజర్‌కు ఇవ్వాలి, ఆపే పని బ్రౌజర్ చేస్తుంది. ఎక్స్‌టెన్షన్‌కు మన రాకపోకలన్నీ చూసే అధికారం తగ్గుతుందన్నది గూగుల్ వాదన. అందులో నిజం ఉంది. అయితే వాడేవాళ్ళు తెలిసి, నమ్మి ఇచ్చుకున్న అధికారాన్ని కూడా తీసేశారు. అది నాకు సమ్మతం కాదు.

మీ ముందు రెండు దారులు. క్రోమ్‌లోనే ఉంటే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వేసుకోండి. అదే రచయిత కొత్త పద్ధతికి రాసినది. మామూలు ప్రకటనలను బాగానే ఆపుతుంది, పాతదానిలో మీరు చేసుకున్న సూక్ష్మమైన అమరికలు కొన్ని దీనిలో కుదరవు. అసలుదే కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కు రండి. మధ్యలో ఆపి చూసే ఆ పాత సదుపాయాన్ని ఉంచుతామని మొజిల్లా చెప్పింది. పాత పద్ధతిని తిరిగి తెప్పిస్తామని ఊరించే తెలియని సైట్ల ఫైళ్ళు మాత్రం వేయకండి.

ప్రశ్న: ఇరవై యాడ్-ఆన్లు ఉన్నాయి. అప్‌డేట్ తర్వాత కొన్ని సైట్లు సరిగ్గా తెరుచుకోవట్లేదు. ఏది కారణమో ఎలా పట్టుకోవాలి?

ముందు ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూ నుంచి ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరిచి చూడండి. యాడ్-ఆన్లన్నీ తాత్కాలికంగా ఆగుతాయి, ఏదీ చెరిగిపోదు. అందులోనూ సైట్ తెరుచుకోకపోతే మీ యాడ్-ఆన్ల తప్పు కాదు. తెరుచుకుంటే మామూలుగా మళ్ళీ తెరిచి, సగం యాడ్-ఆన్లను ఆపండి. ఇబ్బంది పోతే దోషి ఆపిన సగంలో ఉంది, లేకపోతే మిగతా సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. ఇరవై ఉన్నా అయిదుసార్లలోపే దొరికిపోతుంది.

ఒక్క యాడ్-ఆన్ ఒక్క సైట్‌లోనే పనిచేయకపోతే బ్రౌజర్ అప్‌డేట్‌ను తప్పుపట్టే ముందు ఆగండి. సైట్ తన పేజీ అమరిక మార్చినా ఇలాగే అవుతుంది. ఇప్పుడు నాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. యాడ్-ఆన్ రచయితకు మర్యాదగా నాలుగు వాక్యాలు రాయండి: మీ బ్రౌజర్ వెర్షన్, యాడ్-ఆన్ వెర్షన్, ఏ పేజీలో, ఏం జరిగింది. "పనిచేయట్లేదు" అని మాత్రమే రాస్తే ఆయన ఏం చేయగలరు?

ప్రశ్న: ఒక ఎక్స్‌టెన్షన్ దానంతట అదే అప్‌డేట్ అయి ఆగిపోయింది. "అన్ని వెబ్‌సైట్లలోని మీ సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి" కొత్తగా అనుమతి అడుగుతోంది. ఒప్పుకోవచ్చా?

వెంటనే ఒప్పుకోకండి. కొత్త వెర్షన్ ఎక్కువ అధికారం కోరినప్పుడు మీరు ఒప్పుకునేదాకా బ్రౌజర్ దాన్ని ఆపి ఉంచుతుంది. ఇది మీ మేలు కోసం ఉన్న ఏర్పాటు. ఆ ఎక్స్‌టెన్షన్ చేసే పనికి ఆ అధికారం అవసరమా అని చూడండి. రంగులు మార్చేదానికో అనువాదం చేసేదానికో అవసరమే. ఒక మూల గడియారం చూపించేదానికి అన్ని వెబ్‌సైట్లతో ఏం పని?

ఎక్స్‌టెన్షన్ చేతులు మారిందేమో కూడా చూడండి. ది గ్రేట్ సస్పెండర్ అని, వాడని ట్యాబులను నిద్రపుచ్చే మంచి ఎక్స్‌టెన్షన్ ఉండేది. 2020లో దాన్ని తయారుచేసిన వ్యక్తి వేరేవారికి అమ్మేశారు. 2021 ఫిబ్రవరిలో హానికరమైన కోడ్ ఉందంటూ గూగుల్ దాన్ని తొలగించింది. నిద్రపోతున్న ట్యాబులు చాలామందికి ఆ క్షణంలోనే మాయమయ్యాయి. వాళ్ళు చేసిన తప్పల్లా పాత నమ్మకం మీద వాడుతూ ఉండటమే.

అనుమతి ఇవ్వకూడదని తేల్చుకుంటే ఆ ఎక్స్‌టెన్షన్‌ను ఆపి ఉంచండి. లోపల మీ సమాచారం ఏమైనా ఉంటే అదే పనిచేసే ఇంకోటి దొరికి, అంతా అందులోకి చేరిందని కళ్ళారా చూశాక అప్పుడు రిమూవ్ నొక్కండి.