కల్పనా చావ్లా గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ప్రమాదాన్ని దాటవేయవచ్చా?

ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి వ్యోమగామిని అవుతానంటోందని, బడిలో కల్పనా చావ్లా మీద ప్రసంగించబోతోందని రాశారు. ఆమె ప్రాణం తీసిన కొలంబియా వ్యోమనౌక ప్రమాదం గురించి వింటే భయపడుతుందేమో, ఆ భాగం వదిలేయవచ్చా అన్నది మీ ప్రశ్న. వదలకండి. నెల్లూరులో చాలాకాలంగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఆ వయసు పిల్లలకు ప్రమాదం సంగతి ముందే తెలుసు. తెలియనిదల్లా ఆమె చేసిన పని.

పోటీల్లో నేను వినే ప్రసంగాలన్నీ ఇంచుమించు ఒకటే: కర్నాల్‌లో పుట్టింది, ఆకాశం చూసి కలలు కన్నది, ఆకాశంలోనే కలిసిపోయింది. మధ్యలో ఉన్న చదువూ ఉద్యోగమూ మాయం! చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజనీరింగ్ కళాశాలలో 1982లో ఏరోనాటికల్ పట్టా, తర్వాత టెక్సాస్‌లో మాస్టర్స్, 1988లో కొలరాడోలో పీహెచ్‌డీ. ఆపైన కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో పరిశోధన. హారియర్ లాంటి విమానం నిలువుగా దిగుతున్నప్పుడు అది కిందికి చిమ్మే గాలి నేలకు కొట్టుకుని మళ్లీ విమానం మీదికే వస్తుంది. ఆ ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె పని. తరగతిలో ఇది చెప్పేటప్పుడు బల్ల మీద సుద్దపొడి పోసి, పైనుంచి గొట్టంతో ఊదిస్తాను. చీర పాడవుతుంది కానీ ఆ పీరియడ్‌లో ఎవరూ ఆవలించరు.

నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం స్పార్టన్ దగ్గర. 1997 నవంబరులో కొలంబియాలో తొలి ప్రయాణం. సూర్యుణ్ణి పరిశీలించే స్పార్టన్ ఉపగ్రహాన్ని రోబో చేతితో బయటికి వదలడం ఆమె బాధ్యత. వదిలాక అది కదలవలసిన తీరులో కదలలేదు. తిరిగి పట్టుకోబోతే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. చివరికి తోటి వ్యోమగాములు విన్‌స్టన్ స్కాట్, తకావో దోయ్ నౌక బయటికి వెళ్లి చేతులతో పట్టుకున్నారు. తప్పు ఆమెదేనన్న మాట వచ్చింది. నాసా విచారణ జరిపి, సాఫ్ట్‌వేర్ అమరికలోనూ, వ్యోమగాములకూ భూకేంద్రానికీ నిర్దేశించిన పద్ధతుల్లోనూ లోపాలున్నాయని తేల్చింది. ఆ తర్వాతే ఆమెను రెండో ప్రయాణానికి ఎంపిక చేశారు. ఒక్క పరీక్షలో మార్కులు తగ్గితే ముఖం చాటేసే పిల్లలకు నేను వేరే ఉపదేశమేమీ ఇవ్వను, ఈ కథ చెబుతాను.

ఇక ప్రమాదం. ఆ రెండో ప్రయాణంలో, 2003 జనవరి 16న కొలంబియా బయలుదేరిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది గట్టి నురుగు (ఫోమ్) పొర నుంచి ఒక ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. పదహారు రోజులు ఏడుగురూ రెండు జట్లుగా రాత్రింబగళ్లు ప్రయోగాలు చేశారు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా, దిగడానికి సుమారు పదహారు నిమిషాల ముందు, దెబ్బతిన్న చోట వేడి వాయువులు రెక్కలోకి చొరబడి నౌక టెక్సాస్ మీదుగా ముక్కలైంది.

"ముక్క తగలడం చూసి కూడా ఎందుకు ఊరుకున్నారు టీచర్?" అని ఒకసారి ఒక అమ్మాయి అడిగింది. అడగవలసిన ప్రశ్న అదే. నురుగు ఊడటం అంతకుముందూ జరిగింది. ఆమె తొలి ప్రయాణం ముగిసినప్పుడే కొలంబియాకు వేడి తగలకుండా కాపాడే పలకల మీద 300కు పైగా దెబ్బలు కనిపించాయి. ప్రతిసారీ క్షేమంగా తిరిగి రావడంతో అది మామూలు విషయమైపోయింది. రెక్కను ఫొటోలు తీయించి చూద్దామని కొందరు ఇంజనీర్లు కోరినా పై అధికారులు ముందుకు తీసుకెళ్లలేదు. నురుగు ఎంత కారణమో, సంస్థ పని తీరూ అంతే కారణమని విచారణ సంఘం నివేదికలో రాసింది. ఇది విన్న పిల్లలు భయపడటం నేను చూడలేదు, వాళ్లకు కోపం వస్తుంది. రానివ్వండి.

మాకు దగ్గరి శ్రీహరికోట నుంచి 2002 సెప్టెంబరులో పీఎస్ఎల్‌వీ రాకెట్ మోసుకెళ్లిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కే, ప్రమాదం జరిగిన కొద్ది రోజులకు ప్రధాని వాజపేయి కల్పన-1 అని పేరు మార్చారు. ఆమె స్మృతిలో ప్రయోగించారని చాలామంది పొరబడతారు, మీ అమ్మాయి సరిగ్గా చెబితే బాగుంటుంది.

పుట్టిన తేదీ కూడా రెండు రకాలుగా కనిపిస్తుంది. అసలుది 1962 మార్చి 17. బడిలో చేర్చడానికి రాయించినది 1961 జూలై 1. మన ఇళ్లలోనూ ఇలాంటివి తక్కువా! న్యాయనిర్ణేతలు అడిగితే రెండూ చెప్పమనండి.